సమాచార హక్కు సరిహద్దు దాటుతుందా? – పై రాష్ట్రం నీళ్ల లెక్క అడిగే దారి

(రైతు సంఘం మండల స్థాయి అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సమాచార హక్కు చట్టం గురించి ఊళ్లలో చెబితే ఇప్పుడెవరూ కొత్తగా చూడరు. తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టి పహాణీ నకలు తెచ్చుకున్నవాళ్లున్నారు. పంట నష్టం జాబితా బయట పెట్టించినవాళ్లున్నారు. కానీ జూరాల ఆయకట్టు ఊళ్లకు పోతే మాత్రం ప్రతి సభలోనూ ఒకే ప్రశ్న లేస్తుంది. "మన ఆఫీసుల అడిగితే ఇస్తరు, సరే. పైన ఆల్మట్టిల ఎన్ని నీళ్లున్నయి, నారాయణపూర్ గేట్లు ఎప్పుడెత్తిన్రు, ఎప్పుడు దించిన్రు, ఆ లెక్క కర్ణాటకోళ్లు మనకిస్తరా? ఈ చట్టం అక్కడిదాకా పోతదా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. పైన ఎన్ని నీళ్లున్నాయో తెలియకుండా యాసంగికి నారు పోసుకోవాలా వద్దా అని ఏ రైతు తేల్చుకుంటాడు? నారు పోసి, నాటేసి, పొట్టకొచ్చే టైముకు కాలువ ఎండితే పోయేది మన పెట్టుబడి. నీళ్లు ఎక్కువై వచ్చినా అంతే. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రలు కలిసి పొంగి కర్నూలు పట్టణం మునిగింది. ఇటు ఆలంపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. పై నుంచి నీళ్లు వస్తాయి. ఆ నీళ్ల లెక్క మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్కను ఇవతలికి తెప్పించుకునే దారులేమిటో ఈ రోజు మాట్లాడుకుందాం.

చట్టం ఎక్కడిదాకా?

ముందు చరిత్ర కొంచెం. ఈ హక్కు పుట్టింది ఢిల్లీలో కాదు. రాజస్థాన్ పల్లెల్లో కరువు పనులకు పోయిన కూలీలు, చిన్న రైతులు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కింద కూడి, మస్టర్ రోళ్లు చూపించమని అడగడంతో మొదలైంది. 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు జరిగాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ఆ పోరాటాల వేడికి ఒక్కో రాష్ట్రం తన చట్టం తాను చేసుకోవడం మొదలైంది. తమిళనాడు, గోవా 1997లో చేశాయి. కర్ణాటక, రాజస్థాన్ 2000లో చేశాయి. మహారాష్ట్ర కూడా 2005 కన్నా ముందే చేసుకుంది. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం లేదు. అంటే కృష్ణకు ఎగువన ఉన్న రెండు రాష్ట్రాల్లో చట్టం ఉంది, దిగువన ఉన్న మనకు లేదు. ఒక నది, మూడు రాష్ట్రాలు, తలో తీరు హక్కు. కేంద్రం 2002లో సమాచార స్వేచ్ఛా చట్టమని ఒకటి చేసింది గానీ అది ఒక్కరోజు కూడా అమలులోకి రాలేదు.

2005 అక్టోబరు 12 నుంచి ఇప్పుడున్న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని మొదటి సెక్షన్లోనే హద్దు రాసి ఉండేది. "జమ్మూ కశ్మీర్ రాష్ట్రం మినహా భారతదేశమంతటికీ" ఈ చట్టం వర్తిస్తుందని. కశ్మీర్‌కు వేరే చట్టం ఉండేది. 2004లో ఒకటి చేసుకున్నారు, దాన్ని తీసేసి 2009లో ఇంకోటి తెచ్చుకున్నారు. ఆ 2009 చట్టం సమాచారం అడిగే హక్కును ఆ రాష్ట్రంలో నివసించే వ్యక్తికి ఇచ్చింది. అక్కడ నివసించని మనలాంటి వాళ్లకు ఆ హక్కు రాసిలేదు. 2019లో రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశాక, అక్టోబరు 31 నుంచి మన చట్టమే అక్కడా నడుస్తోంది. "మినహా" అన్న మాట పోయింది.

హద్దు చెరిగిపోయింది కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ ఒక సంగతి గమనించాలి. కశ్మీర్ చట్టంలో రెండో అప్పీలును కమిషన్ 60 నుంచి 120 రోజుల్లో తేల్చాలని గడువు ఉండేది. మన చట్టంలో రెండో అప్పీలుకు గడువే లేదు. వాళ్ల కమిషన్ మూతపడింది. ఇప్పుడు శ్రీనగర్ రైతు రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు పోవాలి. చట్టం పరిధి పెరిగింది, అక్కడి రైతు చేతిలో ఉన్న గడువు మాత్రం పోయింది. గడువు లేకపోతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది, వినేవాడు లేకపోయాడు.

పక్క రాష్ట్రాన్ని మనం అడగొచ్చా?

ఇక మన ప్రశ్న. జవాబు సూటిగా చెబుతున్నాం, రాసుకోండి. అడగొచ్చు. చట్టం 3వ సెక్షన్ హక్కును "పౌరులందరికీ" ఇచ్చింది. ఆ రాష్ట్రం వాళ్లకే అనలేదు. గద్వాల రైతు కర్ణాటక ఆఫీసును అడగొచ్చు. రాయచూరు రైతు తెలంగాణ ఆఫీసును అడగొచ్చు. సింధనూరు, గంగావతి వైపు క్యాంపుల్లో స్థిరపడిన మన తెలుగు రైతులు ఊళ్లో మిగిలిన భూమి కోసం ఆంధ్రాలోని తహసీల్దారును అక్కడి నుంచే అడగొచ్చు. 6వ సెక్షన్ ప్రకారం ఎందుకు అడుగుతున్నావని అధికారి ప్రశ్నించకూడదు. మీది మా రాష్ట్రం కాదు కదా అనడానికి చట్టంలో చోటే లేదు.

ఇదేమంత గొప్ప అనుకోకండి. అమెరికాలో వర్జీనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి సమాచార చట్టం ఆ రాష్ట్ర పౌరులకే హక్కు ఇస్తుంది. బయటి రాష్ట్రాల వాళ్లు ఇద్దరు దాని మీద కోర్టుకు పోయారు. అందులో ఒకరు అడిగింది భూముల పన్ను రికార్డులు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు, బయటివాళ్లకు ఇవ్వకపోయినా రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. మన దగ్గర అలాంటి గోడ లేదు. నది మీద గొడవలున్న రాష్ట్రాల రైతులకు ఇది చేతిలో ఉన్న పెద్ద ఆయుధం.

సరిహద్దులో నాలుగు అడ్డంకులు

గోడ లేదన్నాం. కానీ అడ్డంకులున్నాయి. అవి తెలియక చాలా అర్జీలు మధ్యలోనే ఆగిపోతున్నాయి.

మొదటిది భాష. అర్జీ ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, అర్జీ పెట్టే ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలని చట్టం. హైదరాబాద్ ఆఫీసుకు తెలుగులో రాయొచ్చు. ఆల్మట్టి నడిపే కృష్ణా భాగ్య జల నిగమ్‌కు రాయాలంటే కన్నడం కావాలి, లేదా ఇంగ్లీషో హిందీయో కావాలి. మన నది మన భాషలో అడగడానికి వీల్లేని చోటు అదే. సంఘంలో చదువుకున్న పిల్లలున్నారు, వాళ్లతో ఇంగ్లీషులో రాయించండి. సరిహద్దు ఊళ్లలో కన్నడం బడికి పోయిన పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లు మన పనికొస్తారు.

రెండోది ఫీజు. మన దగ్గర 2005 నాటి నియమాల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డున్న పేదలకు ఎక్కడా ఫీజు లేదు. కానీ ఫీజు ఎంత, ఏ రూపంలో కట్టాలి అన్నది ప్రతి రాష్ట్రం తన నియమాల్లో తాను పెట్టుకుంటుంది. మన కోర్టు ఫీజు స్టాంపు అంటించి పక్క రాష్ట్రానికి పంపితే చెల్లదు. అందుకే రాసే ముందు ఆ రాష్ట్ర ఫీజు నియమం చూసుకోవాలి. అర్జీ ఫీజు మామూలుగా 50 రూపాయలకు, నకలు పేజీకి 5 రూపాయలకు మించకూడదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు మించి అడిగితే ఆ తీర్పు చూపించండి.

మూడోది మాటల లెక్క. కర్ణాటక, మహారాష్ట్ర నియమాల్లో ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, అదీ 150 మాటల లోపు ఉండాలి అని పెట్టారు. మనం మామూలుగా కష్టమంతా చెప్పుకుని చివర్లో కాగితం అడుగుతాం. అక్కడికి అలా రాస్తే వెనక్కి పంపడానికి సాకు దొరుకుతుంది. కష్టం వినతిపత్రంలో రాద్దాం. అర్జీలో మాత్రం ఏ కాగితం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నదే రాద్దాం.

నాలుగోది, అన్నింటికన్నా పెద్దది, బదిలీ. మనం అడిగిన సమాచారం వేరే ఆఫీసుదైతే, అర్జీ అందుకున్న అధికారి 5 రోజుల్లో ఆ ఆఫీసుకు పంపి మనకు తెలియజేయాలని 6(3) సెక్షన్ చెబుతోంది. చాలా మంచి సెక్షన్ ఇది. కానీ 2008 జూన్‌లో కేంద్ర సిబ్బంది శాఖ ఒక మెమో ఇచ్చింది. కేంద్ర ఆఫీసుకు వచ్చిన అర్జీలో అడిగింది రాష్ట్ర ప్రభుత్వ విషయమైతే, రాష్ట్రానికి బదిలీ చేయనక్కరలేదు, అక్కడ అడుక్కోమని అర్జీదారుకు చెబితే చాలు అని. కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్లో కూడా అంతే. రాష్ట్ర ఆఫీసుల అర్జీ అందులో వేస్తే తిప్పి పంపుతారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. అంటే నీళ్ల లాంటి విషయంలో, కేంద్రం పాత్ర ఎక్కడ ముగుస్తుందో, రాష్ట్రం పాత్ర ఎక్కడ మొదలవుతుందో రైతే తేల్చుకుని రాయాలి. లేకపోతే నెల గడిచాక "ఇది మాది కాదు" అని ఒక ఉత్తరం వస్తుంది. అప్పటికి నాట్ల టైము దాటిపోతుంది.

ఈ నాలుగూ దాటి కాగితం రాకపోతే మొదటి అప్పీలు ఆ రాష్ట్రంలోనే, రెండో అప్పీలు ఆ రాష్ట్ర కమిషన్ దగ్గరే. కర్ణాటకదైతే బెంగళూరు. గద్వాల నుంచి బెంగళూరు పోయి వాదించాలంటే కూలి పోతుంది, ఖర్చవుతుంది. కాగితం మీద సమాన హక్కే. చేతికి వచ్చేసరికి దూరం దాన్ని చిన్నది చేస్తుంది.

కాగితానికి నకలు ఉంటుంది

మరి ఏం చేయాలి? ఈ రోజు మేము చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. కాగితం ఎక్కడ పుట్టిందని వెతకొద్దు. దాని నకలు మనకు దగ్గరి ఏ ఆఫీసులో ఉందని వెతకండి.

చట్టం 2(జె) సెక్షన్ చూడండి. ప్రభుత్వ సంస్థ "వద్ద ఉన్న, లేదా దాని అదుపులో ఉన్న" సమాచారం పొందే హక్కు అంటుంది. ఆ సంస్థే తయారు చేసి ఉండాలని అనలేదు. కర్ణాటకలో పుట్టిన కాగితం నకలు హైదరాబాద్ ఆఫీసులో ఉంటే, అది హైదరాబాద్ ఆఫీసు సమాచారమే. తెలుగులో అడగొచ్చు, 10 రూపాయలతో అడగొచ్చు, అప్పీలు కూడా ఇక్కడే.

కృష్ణా సంగతే తీసుకోండి. నదిలో ఎంత నీరు పోతుందో కేంద్ర జల సంఘం కొలుస్తుంది. కృష్ణ మీద దేవసూగూరు దగ్గర, భీమ మీద యాద్గిర్ దగ్గర వాళ్ల కేంద్రాలున్నాయి. రెండూ కర్ణాటకలోనే ఉన్నా, కొలిచేది కేంద్ర ఆఫీసు. ఆ సంఘం కృష్ణా, గోదావరి బేసిన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. పెద్ద జలాశయాల నీటిమట్టాల మీద కేంద్ర జల సంఘం వారం వారం బులెటిన్ కూడా వేస్తుంది. 2014 పునర్విభజన చట్టం కింద ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కూడా కేంద్ర సంస్థే. ఇక మన నీటిపారుదల శాఖ ఉంది. జూరాలకు ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయన్నది వాళ్ల రిజిస్టర్లోనే ఉంటుంది. పక్క రాష్ట్రం ఇంజినీర్లతో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా వాళ్ల ఫైళ్లలో ఉంటాయి. వాటి నకళ్లు అడగండి.

గోదావరి రైతులకు బాబ్లీ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. బాబ్లీ బ్యారేజీ మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో ఉంది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీరు కిందికి వదలాలి. దీన్ని చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కేంద్ర జల సంఘం ప్రతినిధి, మహారాష్ట్ర ప్రతినిధి, మన వైపు ప్రతినిధి. మన మనిషి అక్కడ ఉన్నాడు, సంతకం పెట్టాడు అంటే, ఆ కాగితం మన శాఖ ఫైల్లో కూడా ఉండాలి కదా? శ్రీరాంసాగర్ కింది రైతు మార్చి 1న నీళ్లు వదిలారో లేదో తెలుసుకోవడానికి నాందేడ్ పోనక్కరలేదు, మరాఠీ నేర్వనక్కరలేదు.

ఇంకో విషయం. నీళ్ల లెక్కలు రహస్యం అని కొందరు అధికారులు దబాయిస్తారు. దేశ సరిహద్దు దాటే సింధు, గంగ, బ్రహ్మపుత్ర నదుల లెక్కల మీద కేంద్రం రహస్య నియమాలు పెట్టిన మాట నిజమే. కృష్ణా, గోదావరి మన దేశంలో పుట్టి మన దేశంలోనే సముద్రంలో కలుస్తాయి. ఆ నియమం వీటికి లేదు. రహస్యం అంటే, చట్టం 8వ సెక్షన్లో ఏ క్లాజు కింద రహస్యమో రాతపూర్వకంగా ఇవ్వమనండి.

జిల్లా హద్దు మారితే ఫైలు ఎటు పోయింది?

రాష్ట్రం హద్దే కాదు, జిల్లా హద్దు కూడా రైతును తిప్పుతోంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33 అయ్యాయి. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా ఏడు మండలాలు ఆంధ్రాకు పోయాయి. మనుషులు కదలలేదు, పొలాలు కదలలేదు. ఫైళ్లు మాత్రం కొన్ని కదిలాయి, కొన్ని పాత చోటే ఉండిపోయాయి.

మా దగ్గర ఒక ఊళ్లో కాలువ కింద భూమి ఇచ్చిన రైతులకు పరిహారంలో కొంత మిగిలిపోయింది. అవార్డు నకలు, చెల్లింపు రిజిస్టర్ అడిగితే కొత్త ఆఫీసు వాళ్లు "ఫైలు పాత జిల్లాలో ఉంది" అన్నారు. పాత ఆఫీసుకు పోతే "మొత్తం కొత్త జిల్లాకు పంపినం" అన్నారు. ముసలి రైతులు రెండు ఆఫీసుల మధ్య బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగారు. నోటి మాటలతో పని కాదని సంఘం తరఫున కూర్చుని రెండు అర్జీలు రాయించాం. ఒక దాంట్లో, పాత ఆఫీసు నుంచి కొత్త ఆఫీసుకు పంపిన ఫైళ్ల జాబితా, అప్పగింత తేదీ, అందుకున్నవారి సంతకంతో సహా కావాలని అడిగాం. రెండో దాంట్లో అవార్డు నకలే అడిగి, మీ దగ్గర లేకపోతే 6(3) ప్రకారం ఉన్న చోటికి బదిలీ చేయండి అని కింద రాశాం. ఒకే రాష్ట్రంలో ఆఫీసులు కాబట్టి ఇక్కడ బదిలీ తప్పించుకోలేరు. మొదటి అప్పీలు దాకా పోయాక అప్పగింత జాబితా వచ్చింది. మా ఊరి ఫైలు నంబరు అందులో ఉంది. ఆ నంబరు చేతికొచ్చిన రోజు నుంచి "లేదు" అన్న మాట ఏ ఆఫీసులోనూ వినబడలేదు. పరిహారం ఇంకా పూర్తిగా రాలేదు, పోరాటం నడుస్తోంది. కానీ ఇప్పుడు చేతిలో కాగితం పెట్టుకుని నడుస్తోంది.

దేశం హద్దు దగ్గర

ఇక దేశం బయటి సంగతి. మన చట్టం విదేశీ కంపెనీ గడప తొక్కలేదు. అసలు మన దేశంలోని ప్రైవేటు కంపెనీనే నేరుగా అడగలేం. కానీ ఇక్కడా నకలు సూత్రమే. విత్తనం అమ్మాలన్నా, మందు అమ్మాలన్నా ఆ కంపెనీ ఏదో ఒక ప్రభుత్వ సంస్థకు కాగితాలు ఇవ్వాలి. బీటీ వంకాయ విషయంలో ఇదే జరిగింది. విషప్రభావ పరీక్షల డేటా కంపెనీది. కానీ అది కేంద్ర బయోటెక్నాలజీ శాఖ చేతికి వచ్చింది. 2006లో దాని మీద సమాచార హక్కు అర్జీ పడింది. వ్యాపార రహస్యం అన్నారు. కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వాలంది. వ్యవహారం కోర్టుల దాకా పోయి చివరికి 2008లో డేటా జనం ముందుకొచ్చింది. శాస్త్రవేత్తలు చదివారు, రైతులు చర్చించారు. 2010 ఫిబ్రవరి 9న కేంద్రం బీటీ వంకాయను నిలిపేసింది.

గల్ఫ్‌లో ఉన్న మన జగిత్యాల, నిజామాబాద్ బిడ్డల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు భారత పౌరులే కాబట్టి హక్కు వాళ్ల వెంటే ఉంటుంది. 2013 మార్చి నుంచి విదేశాల్లోని పౌరులు ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డర్ ద్వారా ఫీజు కట్టొచ్చు. కానీ అది కేంద్ర ఆఫీసులకే. ఊళ్లో భూమి కాగితం కావాలంటే ఇంట్లోవాళ్లతో, లేదా సంఘంతో అర్జీ పెట్టించాలి. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం ఈ హక్కు ఉండదు, ఊళ్లో పొలం ఉన్నా సరే.

విచిత్రమేమంటే, 1966లో వచ్చిన అమెరికా కేంద్ర ప్రభుత్వ సమాచార చట్టం "ఏ వ్యక్తి" అయినా అడగొచ్చు అంటుంది. వాళ్ల రాష్ట్రమైన వర్జీనియా పక్క రాష్ట్రం మనిషికి ఇవ్వదు, వాళ్ల కేంద్రం మాత్రం భీమవరం రొయ్యల రైతుకు కూడా ఇవ్వాలి. మన రొయ్యలు ఎక్కువగా కొనే దేశం అది. యాంటీబయాటిక్ దొరికిందని సరుకు తిప్పి పంపితే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోతుంది. ఏ సరుకును ఎందుకు తిప్పి పంపారో అక్కడి ఆహార, ఔషధ సంస్థ జాబితా బయట పెడుతుంది. కొనేవాడు చెప్పిందే నమ్మనక్కరలేదు, జాబితా చూసుకోవచ్చు. ఇక్కడ కేంద్ర సంస్థ అయిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను కూడా అడగొచ్చు. విదేశీ ప్రభుత్వం రహస్యంగా ఇచ్చిన సమాచారం ఇవ్వనక్కరలేదని 8(1)(ఎఫ్) అంటుంది. అయితే ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వొచ్చని 8(2) అంటుంది. వాదించే చోటు అక్కడ ఉంది.

మన డిమాండ్లు, మన పని

ఒక్కో రైతు తెలివిగా అర్జీ రాస్తే కొంత పని అవుతుంది. అంతటితో సరిపోదు. చట్టాన్ని నడిపే పద్ధతులు మారాలి. సంఘం తరఫున నాలుగు డిమాండ్లు పెడుతున్నాం.

1. అంతర్రాష్ట్ర నదుల విషయంలో కేంద్ర ఆఫీసుకు వచ్చిన అర్జీని సంబంధిత రాష్ట్రానికి బదిలీ చేయాలి. 2008 మెమోను ఆ మేరకు మార్చాలి.

2. ఎగువ ప్రాజెక్టుల సమాచారం అడిగే దిగువ రాష్ట్ర రైతు అర్జీని అతని భాషలోనే తీసుకోవాలి. అనువాదం పని ప్రభుత్వానిది.

3. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, తుంగభద్ర, శ్రీశైలం నీటిమట్టం, వచ్చే నీరు, పోయే నీరు రోజూ పంచాయతీ ఆఫీసు బోర్డు మీద తెలుగులో రాయాలి. ఇది మనం కొత్తగా అడిగేది కాదు. సమాచారాన్ని అడగకుండానే, స్థానిక భాషలో జనానికి చేర్చాలని 4వ సెక్షన్ 2005లోనే చెప్పింది.

4. సమాచార కమిషన్లలో ఖాళీలు ఉంచకూడదు. రెండో అప్పీలుకు కశ్మీర్ చట్టంలో ఉన్నట్టు గడువు పెట్టాలి.

ఇక మన పని. ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ రెండు అర్జీలు పెట్టాలి. ఒకటి కేంద్ర జల సంఘం హైదరాబాద్ కార్యాలయానికి. అందులో ఇలా రాయండి: "గత జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు దేవసూగూరు, యాద్గిర్ కేంద్రాల్లో నమోదైన రోజువారీ నీటిమట్టం, ప్రవాహం వివరాల నకలు ఇవ్వగలరు." రెండోది మన ప్రాజెక్టు ఇంజినీరు ఆఫీసుకు: "అదే కాలంలో జూరాలకు వచ్చిన, కాలువలకు వదిలిన నీటి రోజువారీ రిజిస్టర్ నకలు, నీటి విడుదలపై ఎగువ రాష్ట్ర అధికారులతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల నకలు ఇవ్వగలరు." ఎందుకు, ఏమిటి అని ప్రశ్నలు వేయొద్దు. చట్టం కాగితం ఇస్తుంది, సంజాయిషీ ఇవ్వదు. సంజాయిషీ కాగితం చేతికొచ్చాక సభలో అడుగుదాం.

పోస్టు రసీదు దాచుకోండి. జవాబుకు 30 రోజులు, బదిలీ అయితే 35 రోజులు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు. కేంద్ర ఆఫీసు అయితే రెండో అప్పీలు ఢిల్లీలో, కానీ వీడియో విచారణ ఉంటుంది కాబట్టి ఢిల్లీ పోనక్కరలేదు. మన రాష్ట్ర ఆఫీసు అయితే హైదరాబాద్ కమిషన్.

కర్ణాటక వైపు రైతు సంఘాలతో కూడా మాట్లాడదాం. కింద మన గేట్లు ఎప్పుడెత్తారో వాళ్లకూ కావాలి, వాళ్ల ఊళ్ల వెనుక నీళ్లు నిలిచినప్పుడు. వాళ్ల అర్జీలు మనం తెలుగులో రాసి పెడదాం, మన అర్జీలు వాళ్లు కన్నడంలో రాసి పెడతారు. రెండు వైపులా లెక్కలు వచ్చాక వచ్చే నెల కమిటీ సమావేశంలో పక్కపక్కన పెట్టి చూద్దాం. యాసంగి నారుమళ్లకు ముందే ఆ లెక్కలు ప్రతి ఊరికీ అందాలి. అర్జీలు పెట్టిన గ్రామ కమిటీలు రసీదు నకళ్లు జిల్లా ఆఫీసుకు పంపండి.

సెలవు.